ఒనేలియాలో నూనె మ్యూజియం, మా ఊళ్ళో గానుగ

ఇటలీలోని జెనోవాలో, మా ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా మూత తీశాను. ఆవకాయ మీద తేలిన నూనె చూసి పక్క సీటు పెద్దాయన మొహం చిట్లించాడు. "అంత నూనా? అదీ ఆలివ్ కాని నూనా?" అన్నాడు, అందరూ వినేలా. తను మాత్రం టమాటా ముక్కల మీద సీసా వంచి ధారగా పోసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. పప్పు నూనె, అదే నువ్వుల నూనె, పైకి తేలకపోతే ఆవకాయ ఏడాది ఎలా నిలవుంటుంది?

ఆ శనివారం ఆయనే కారు తీసుకొచ్చి, "మా నూనె సంగతి చూద్దువుగాని, రా" అని ఇంపీరియా అనే ఊరికి తీసుకెళ్ళాడు. ఆ మనిషి కోపమూ ఇంతే, ప్రేమా ఇంతే. దారి పొడవునా కొండవాలు మీద రాతి గోడలు, ఆ గోడల వెనక మెట్లు మెట్లుగా ఆలివ్ చెట్లు. అక్కడ పండేది తాజాస్కా రకం, కాయ చిన్నది. మేం వెళ్ళింది ఆ ఊళ్ళోనే ఒనేలియా అనే పేటలోని నూనె మ్యూజియానికి. 1911 నుంచి అక్కడ నూనె వ్యాపారం చేస్తున్న కార్లీ కుటుంబం 1992లో పెట్టింది దాన్ని.

రోమన్ల నాటి ఓడ అడుగున నూనె జాడీలు ఎలా పేర్చేవారో కట్టి చూపించారు. దీపాలు, అత్తరు బుడ్లు కూడా ఉన్నాయి. నేను కదలలేకపోయింది మాత్రం పాత మరల దగ్గర. కాయల్ని రాతి చక్రం కింద గింజతో సహా ముద్దగా నూరేవారు. ఆ ముద్దని నార చాపల మీద పరిచి, చాప మీద చాప పేర్చి, పైనుంచి మర బిగించేవారు. నూనె, నీరు కలిసి కారేవి. కాసేపటికి నూనె పైకి తేలేది, దాన్ని తీసుకునేవారు.

రోములో మోంటె టెస్టాచ్చో అనే గుట్ట ఉందని చెప్పాడు పెద్దాయన. సుమారు 35 మీటర్ల ఎత్తు, అంతా పగిలిన నూనె జాడీల పెంకులే. ఆ పెంకుల మీద తూకం, వర్తకుల పేర్లు ఇప్పటికీ చదవొచ్చట. నూనె మోసిన మట్టికుండకి కూడా లెక్క ఉంది వీళ్ళ దగ్గర. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మనకి లేదా? గోదావరి జిల్లా టేకిలో దొరికిన 11వ శతాబ్దపు రాగి శాసనం ఉంది. తూర్పు చాళుక్యుల కాలంలో నూనె పని చేసే తెలికుల వారికి ఇచ్చిన గౌరవం అందులో రాశారు: వాళ్ళింటి కొత్త దంపతులు గుర్రమెక్కి వీధుల్లో ఊరేగవచ్చు, రాజు దగ్గర బంగారు పళ్ళెంలో తాంబూలం అందుకోవచ్చు. నూనె తీసేవాడిని రాజు అంత మన్నించిన దేశం మనది. ఈ సంగతి మా బడిలో ఎవరూ చెప్పలేదు. ఇటలీ వచ్చాక, పౌరుషం కొద్దీ వెతుక్కుని చదివాను. మన నూనె వీళ్ళ నూనెకి ఏ విధంగానూ తీసిపోదు. అయితే వీళ్ళు నూనె తీసిన మనిషిని, మరని పిల్లలకి చూపిస్తున్నారు. మనం గానుగ ఆగిపోగానే ఆ మనిషినీ మర్చిపోయాం. గంతలు కట్టుకుని తిరిగే ఎద్దుని, రోట్లోంచి తీసి పెట్టే వేడి తెలకపిండిని చూసినవాళ్ళు మా ఇంట్లో మావయ్య తరం వరకే.

ఆ రాత్రే మావయ్యకి ఫోన్ చేశాను. ఊళ్ళో రాతి గానుగ ఇంకా ఉందట, చింతచెట్టు కింద, సగం మట్టిలో. ఎవరో ఫామ్‌హౌస్ ముందు పెట్టుకోవడానికి బేరం కూడా అడిగారట.

"అమ్మనివ్వకు మావయ్యా."

"ఉంచి ఏం చేస్తావురా? ఎక్కడ పెడతావ్?"

పంచాయతీ ఆఫీసు పక్క పాత గది ఖాళీగానే ఉంది కదా, సర్పంచ్‌ని అడగమన్నాను. రోకలి, కాడి కూడా ఎవరింట్లోనైనా ఉన్నాయేమో కనుక్కోమన్నాను. గాండ్ల వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయనకి అన్నీ తెలుసు అన్నాడు మావయ్య. ఆ పెద్దాయన మాటలు ఫోన్‌లో రికార్డు చేసి పంపమన్నాను, సంక్రాంతికి నేను వచ్చేదాకా ఆగకుండా.