కుడి మడమ కింద పనస పెట్టె

ఆదివారం, రాత్రి పది దాటింది

పెట్టె తయారైంది. పొద్దున్న వడ్రంగి మేస్త్రి దగ్గర్నుంచి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం లోపల వైర్లు అతికించాను. సాయంత్రం నుంచి కాలితో కొడుతూనే ఉన్నాను. మోకాలి కింద, ముందువైపు కండ బాగా లాగేస్తోంది. అయినా లేచి మళ్ళీ కొట్టాలనే ఉంది.

ఒక్కడే గిటార్ వాయించుకుంటూ పాడేవాడికి రెండు చేతులూ తీగల మీద ఉంటాయి, నోరు పాటకి సరిపోతుంది. ఖాళీగా మిగిలేవి కాళ్ళే. అందుకని కాలి కింద ఒక చిన్న చెక్క పెట్టె పెట్టుకుని, దాని లోపల ఒక సెన్సర్ అతికించి, స్పీకర్‌కి కలుపుతారు. కాలు పడినప్పుడల్లా ‘దుమ్’ అని వినిపిస్తుంది. స్టాంప్ బాక్స్ అంటారు. షాపుల్లో కొనుక్కోవచ్చు, కానీ ఇంట్లో చేసుకోలేనంత పెద్ద సంగతేం కాదు. నిజానికి ఇది మొదటి నుంచీ ఎవరికి వాళ్ళు చేసుకున్న వాయిద్యమే.

ఇన్నాళ్ళూ ఫోన్‌లో డ్రమ్ యాప్ పెట్టుకుని పాడేవాణ్ణి. స్కూల్లో వార్షికోత్సవానికి, శ్రీరామనవమి పందిట్లో, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఫంక్షన్లకి. యాప్ తాళం తప్పదు, అది నిజమే. కానీ జానపదం పాడేటప్పుడు పల్లవి చివర ఒక్కోసారి దీర్ఘం తీయాలనిపిస్తుంది. ముందు వరసలో ఎవరో పెద్దావిడ తల ఊపుతూ ఉంటుంది, ఆవిడ కోసం ఆ మాట ఇంకోసారి అనాలనిపిస్తుంది. యాప్ ఆగదు. దాని వెనక మనం పరిగెత్తాలి. పాట నాది, నడక దానిది. ఆ ఇబ్బంది నాకు ఏ రోజూ అలవాటు కాలేదు.

మేస్త్రి షాపు మా విజయనగరంలోనే, మూడు లాంతర్ల కూడలి దాటాక సందులో ఉంటుంది. పోయిన వారం కొలతలు చెప్పినప్పుడు ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏటి బాబూ ఇది, పీటా?”

“పీట కాదు మేస్త్రీ. లోపల బోలుగా ఉండాలి. కాలితో కొడితే మోగాలి.”

“కాలితోనా? మద్దెలకి సేతులున్నాయి కదేటి?”

“చేతులు గిటార్ మీదుంటాయి కదా.”

అప్పుడు ఆయనకి విషయం పట్టింది. ఇక నా కాగితం వైపు చూడలేదు. నేను పైపలకకి ప్లైవుడ్ అని రాశాను. “మోగాలంటన్నావు, మళ్ళీ పిలైవుడ్డంటావేటి?” అని లోపలికెళ్ళి, గోడకి ఆనించి ఉన్న చెక్కల్ని ఒక్కొక్కటే వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాడు. టేకు, వేప, మామిడి. చివర్లో ఏదో తలుపు పనిలో మిగిలిన పనస చెక్క దొరికింది. దాన్ని రెండు వేళ్ళతో వేలాడదీసి పట్టుకుని తట్టి, నా చెవి దగ్గర పెట్టాడు. మిగతావి ‘టక్’మని ఊరుకున్నాయి. ఇది కాసేపు లోపల్లోపల పలుకుతూ ఉండిపోయింది. బొబ్బిలి వీణ చేసేది పనస దుంగతోనే, అదీ ఒకే దుంగని తొలిచి. మాకు దగ్గర్లో ఉన్న ఊళ్ళో వీణలైన చెక్క నా కాలి కిందకి వస్తుందనుకోలేదు.

పైపలకని చిత్రిక పట్టి పలచన చేశాడు. పక్కలు మందంగానే ఉంచాడు. మేకులు వాడొద్దన్నాను, ఎందుకంటే ఒక్క మేకు వదులైనా ప్రతి దెబ్బకీ గిరగిరమంటుంది. ఆయన మూలల్లో పళ్ళు కోసి, ఒకదాంట్లో ఒకటి దించి, ఫెవికాల్ పెట్టి బిగించాడు. ఎత్తు నాలుగు వేళ్ళు, పొడుగు నా పాదం కంటే బెత్తెడు ఎక్కువ. అడుగు పలక మాత్రం స్క్రూలతో, విప్పుకోవడానికి వీలుగా పెట్టించాను. స్క్రూల కింద పలచటి ఫెల్ట్ ముక్కలు వేసుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లోపలి పని. సెన్సర్ అంటే పీజో బిళ్ళ. ఇత్తడి రేకు మీద తెల్లటి సిరామిక్ పూత ఉంటుంది, 27 మిల్లీమీటర్ల వెడల్పు. అది వంగితే కరెంటు పుడుతుంది. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ రావడానికి కారణం కూడా పీజోయే, బ్యాటరీ ఉండదు కదా అందులో. అమ్మకి అలా చెప్తే లైటర్‌ని రెండుసార్లు నొక్కి చూసి, “ఇన్నేళ్ళ నుంచీ దీనితో పొయ్యి వెలిగిస్తున్నానా” అంది.

బిళ్ళని ఎక్కడ అతికించాలన్నదే అసలు సంగతి. మడమ పడేచోటికి సరిగ్గా కింద పెడితే దెబ్బ పదునుగా, మేకు కొట్టినట్టు వినిపిస్తుంది. పక్క గోడకి దగ్గరగా పెడితే చెక్క అంతగా వంగదు కాబట్టి శబ్దం నీరసంగా ఉంటుంది. మధ్యకీ పక్కకీ నడుమ ఒకచోట, డబుల్ సైడ్ టేప్‌తో ముందు అంటించి, కొట్టి విని, జరిపి మళ్ళీ విని, చివరికి ఒకచోట కుదిరింది. అక్కడే గమ్‌తో ఖాయం చేసేశాను. బిళ్ళ మీద స్పాంజి ముక్క, పెట్టె లోపల ఒక పాత తువ్వాలు. తువ్వాలు లేకపోతే ‘దుమ్’ తర్వాత తోక వస్తోంది. తాళానికి తోక ఉండకూడదు. పక్క గోడకి రంధ్రం చేసి గిటార్ జాక్ పెట్టి, రెండు వైర్లకీ టంకం వేశాను.

సైన్స్ మాస్టర్ని కాబట్టి ఈ ఒక్క విషయం రాయకుండా ఉండలేను. ఇంట్లో చేసిన పెట్టెలు చాలావరకు పలచగా, డబ్బా కొట్టినట్టు మోగడానికి కారణం చెక్క కాదు. పీజో బిళ్ళ ఒక కెపాసిటర్ లాంటిది, అంటే కరెంటుని కాస్త నిలవ చేసుకునే భాగం. దాన్ని సౌండ్ మిక్సర్‌లో లైన్ ఇన్‌పుట్‌కి కలిపితే, అక్కడ నిరోధం 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. ఆ లెక్కన ఇంచుమించు 800 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకి 800 కంపనాలకి, కిందున్నదంతా పలచబడిపోతుంది. ‘దుమ్’ ఉండేదేమో 100 హెర్ట్జ్ లోపల. అంటే మనకి కావలసిందే పోయి, అక్కర్లేనిది మిగులుతుంది. అదే బిళ్ళని గిటార్ ఇన్‌పుట్‌కి కలిపితే, అక్కడ నిరోధం 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది, కింది స్థాయి శబ్దం మొత్తం వస్తుంది. ఇక స్పీకర్ చిన్నదైతే ఏం చేసినా లాభం లేదు, 10 అంగుళాలైనా ఉండాలి. ట్రెబుల్ బాగా తగ్గించి, బేస్ కొంచెం పెంచితే చాలు.

సాయంత్రం టీ తాగి కూర్చున్నాను. కింద వాటాలో పసివాడున్నాడు. వాళ్ళకి ఇబ్బంది లేకుండా పెట్టె నాలుగు మూలలకీ పాత హవాయి చెప్పు కోసి ముక్కలు అతికించాను, కింద కొబ్బరిపీచు పట్టా వేశాను. దెబ్బ నేలలోకి దిగకుండా ఆగింది. తర్వాత కిందికెళ్ళి అడిగితే ఏమీ వినపడలేదన్నారు.

మొదట మునివేళ్ళతో కొట్టాను, అందరూ అలవాటుగా తాళం వేసేది అలాగే కదా. పావుగంటకే కాలి ముందు కండ పట్టేసింది. తర్వాత మునిపాదం పెట్టెకి ఆనించి, మడమ ఎత్తి వేశాను. కాలి బరువంతా దానంతటదే పడుతుంది, మనం కొట్టక్కర్లేదు. శబ్దం కూడా ఇంకా కిందికి దిగింది. ఉత్త పాదంతో గుండ్రంగా వస్తుంది, చెప్పులతో కొంచెం ‘టక్’ కలుస్తుంది. నాకు ఉత్త పాదమే నచ్చింది.

ఇలా కాలిని వాయిద్యం చేసుకున్నవాళ్ళలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అమెరికా బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్. 1948లో డెట్రాయిట్‌లో ఆయన మొదటి రికార్డింగ్ చేసినప్పుడు డ్రమ్ములు లేవు. గొంతు, గిటారు, కాలు. కాలి కింద చెక్క పెట్టి దానికి కూడా మైకు ఇచ్చారు. ఆ కాలు వినకుండా ఆ రికార్డింగ్‌ని ఊహించుకోలేం. జెస్సీ ఫుల్లర్ అనే ఇంకో గాయకుడైతే ఇంకా ముందుకెళ్ళాడు. కాలిఫోర్నియాలో ఉండేవాడు, తోడు వాయించే మనుషులు కుదరక, తనకి కావలసిన బేస్ వాయిద్యాన్ని తనే తయారు చేసుకున్నాడు. దాని పేరు ఫాట్‌డెల్లా. నిలువుగా ఉండే పెట్టెకి ఆరు తీగలు, కాలి దగ్గర వరసగా పెడల్స్. ఒక్కో పెడల్ తొక్కితే ఒక్కో సుత్తి వెళ్ళి ఒక్కో తీగని కొడుతుంది. కుడి కాలితో అది, ఎడమ కాలితో ఒకదానికొకటి కొట్టుకునే ఇత్తడి తాళాలు, చేతుల్లో పన్నెండు తీగల గిటారు, మెడకి తగిలించుకున్న కమ్మీ మీద మౌత్ ఆర్గాన్. కెనడాలో క్యూబెక్ వాళ్ళకి పెట్టె కూడా అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని ఫిడేలు వాయిస్తూ రెండు పాదాల మడమలూ మునివేళ్ళూ మార్చి మార్చి నేల మీద కొడుతుంటే గుర్రం పరిగెత్తినట్టే ఉంటుంది.

ఇవన్నీ అమ్మకి చెప్తున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ విని, “మన హరిదాసుల సంగతేంటి మరి?” అంది.

నిజమే. ఈ ఊళ్ళో ఉండి నేను ఆ మాట ముందు అనుకోవలసింది ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. 1919లో ఇక్కడ మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. కాళ్ళకి గజ్జెలు, చేతుల్లో చిడతలు, మెళ్ళో పూలదండ, ఒక్కడే నిలబడి రాత్రంతా హరికథ చెప్పేవారు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ అయిదింటితో అయిదు వేరు వేరు తాళాలు ఒకేసారి వేసేవారని చెప్తారు. పంచముఖి అంటారు దాన్ని. కుడి కాలు ఒక తాళంలో, నోరు ఇంకో వరసలో ఉంచడానికే సాయంత్రమంతా పట్టిన నాకు ఆ మాట ఇవాళ వేరేగా వినిపించింది. ఇంతకుముందు అది గొప్పవాళ్ళ గురించి చెప్పుకునే విశేషం. ఇవాళ కాలు నొప్పితో ఉన్నప్పుడు అదెంత సాధనో అర్థమవుతోంది.

అమ్మ చీపురుపల్లి వైపు పల్లెలో పెరిగింది. చిన్నప్పుడు చూసిన హరికథల్లో ఆవిడకి కథలు అంతగా గుర్తు లేవు. గజ్జెలు గుర్తున్నాయి. “ఏడుపు ఘట్టం రాగానే దాసు గారు గజ్జె ఆపేసేవారు. వట్టి గొంతుతో చెప్పేవారు. పందిట్లో ఎవరూ కదిలేవారు కాదు. మళ్ళీ ఒక్కసారి గజ్జె మోగిందంటే అమ్మయ్య, ఇక హనుమంతుడొస్తాడు అనుకుని సర్దుకుని కూర్చునేవాళ్ళం” అంది.

దాన్ని వెంటనే పట్టుకున్నాను. నాకు వచ్చిన ఒక వలస పాట ఉంది, ఊరొదిలి వెళ్ళేవాడు తల్లికి చెప్పుకునే పాట. మూడో చరణంలో కాలు పూర్తిగా ఆపేసి పాడాను. గిటార్ కూడా ఒక్కొక్క తీగే. పల్లవికి మళ్ళీ వచ్చేటప్పుడు, ఎప్పుడు మొదలుపెట్టాలో లెక్క పెట్టుకోలేదు. ఊపిరి తీసుకున్నాను, కాలు దానంతటదే పడింది. అమ్మ చిక్కుడుకాయలు ఆపి చూసింది. యాప్‌లో కూడా ఆపే బటన్ ఉంది. కానీ అది నొక్కాలంటే వేలు తీగ మీంచి తీయాలి, మనసు పాట మీంచి తీయాలి. కాలికి ఆ అవసరం లేదు, అది పాట పాడే ఒంట్లోదే.

తర్వాత ఎడమ కాలి సంగతి చూశాను. చెల్లి చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నప్పటి గజ్జెలు అటక మీదున్నాయి. తోలు పట్టీకి కుట్టిన ఇత్తడి గజ్జెలు. చింతపండు పెట్టి తోమితే మళ్ళీ పసుపు రంగు తేలాయి. చీలమండకి కట్టుకుని కొడితే ఒక చిక్కు తెలిసింది. పెట్టె కాలు పడినప్పుడే మోగుతుంది. గజ్జె కాలు ఎత్తినప్పుడూ మోగుతుంది, దించినప్పుడూ మోగుతుంది. ఒక దెబ్బకి రెండు శబ్దాలు. తప్పెటగుళ్ళ వాళ్ళకి ఆ రెండో శబ్దమే కావాలి. గుండెల మీద తప్పెటలు రెండు చేతులా వాయిస్తూ ఎగురుతుంటే, గాల్లోకి లేచేటప్పటి గజ్జె, దిగేటప్పటి గజ్జె కలిసి ఆ ఊపు వస్తుంది. కూర్చుని పాడేవాడికి మాత్రం ఎత్తేటప్పటిది అడ్డం. పట్టీని చీలమండ నుంచి తీసి పాదం పైన, వేళ్ళకి దగ్గరగా కట్టాను. మడమ నేలకే ఉంచి మునిపాదాన్ని మెల్లగా ఎత్తి, చప్పున దించితే ఎత్తేటప్పటి శబ్దం చాలావరకు అణిగిపోయింది. ఇక్కడ మునివేళ్ళ పద్ధతే పనికొచ్చింది.

కుడి మడమ ‘దుమ్’, ఎడమ పాదం ‘ఝల్’. ఎనిమిది లెక్కల ఆది తాళం పాటలకి అరగంటలో కుదిరింది. మూడేసి లెక్కల తిశ్రగతి పాటలకి ఇంకా సులువు, మన జానపదాలు సగం ఆ నడకలోనే ఊగుతాయి. ఫోన్‌లో ఒక నాట్ల పాట రికార్డు చేసుకుని విన్నాను. చరణం దగ్గర వేగం పెరుగుతోంది, పల్లవికి వచ్చేసరికి మళ్ళీ తగ్గుతోంది. అమ్మ కూడా అదే అంది, “చరణంలో పరిగెడుతున్నావురా.” ఆ పరుగుని దిద్దాలని నాకు లేదు. ఆ పాట పాడే ఆడవాళ్ళు నాట్లేసేటప్పుడు కూడా అక్కడే వేగం పెంచుతారు. నేను నేర్చుకున్నదే వాళ్ళ దగ్గర.

ఏడు లెక్కల మిశ్రచాపు తాళం ఒక్కటే లొంగలేదు. మూడు, రెండు, రెండు. ఒకటి దగ్గర కుడి మడమ, నాలుగు దగ్గరా ఆరు దగ్గరా గజ్జె పడాలి. నాలుగు బాగానే పడుతోంది. ఆరు దగ్గరకి వచ్చేసరికి నోట్లో మాట కాలిని లాగేస్తోంది. రేపు స్కూల్ నుంచి వచ్చాక గిటార్ ముట్టుకోకుండా, పాట లేకుండా, వట్టి కాళ్ళతో ఒక గంట కూర్చోవాలి. మేస్త్రికి కూడా ఒకసారి తీసుకెళ్ళి వినిపించాలి, చిన్న స్పీకర్ కాకుండా పెద్దదే పట్టుకెళ్తాను.