నంబర్ సిస్టమ్‌కి 720720 ఒక్కటి పట్టుకోండి

నంబర్ సిస్టమ్ ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు. ఫార్ములాలు విడివిడిగా బట్టీ పట్టకుండా, ఒక పెద్ద సంఖ్య తీసుకుని దాని మీద అడగగలిగిన ప్రశ్నలన్నీ అడిగేశాను. ఆ సంఖ్య 720720.

మూడంకెలు రెండుసార్లు వచ్చాయి చూడండి, అంటే 720 × 1001. 1001 అంటే 7 × 11 × 13, ఇది మాత్రం నోటికి వచ్చి తీరాలి, 358358 లాంటిది ఏది ఇచ్చినా ఈ మూడింటితో భాగించి చూసే పనే ఉండదు. 720ని కూడా విడగొడితే మొత్తం 2⁴ × 3² × 5 × 7 × 11 × 13. ఈ ఒక్క లైను రాసుకుంటే మిగతావన్నీ ఇందులోంచే వస్తాయి.

ఘాతాంకాలకి ఒకటేసి కలిపి గుణిస్తే 5 × 3 × 2 × 2 × 2 × 2, అంటే 240 కారణాంకాలు. పరీక్షలో ఇంత సూటిగా అడక్కపోవచ్చు, బేసి కారణాంకాలు ఎన్ని అంటారు, అప్పుడు 2ని పక్కన పెట్టేస్తే 48, మిగిలిన 192 సరి సంఖ్యలు. ఖచ్చిత వర్గాలైన కారణాంకాలు కావాలంటే 2కి 0, 2, 4 ఘాతాలు, 3కి 0, 2 మాత్రమే పనికొస్తాయి కాబట్టి ఆరే: 1, 4, 9, 16, 36, 144. దేంతో గుణిస్తే ఖచ్చిత వర్గం అవుతుందంటే జత లేని 5, 7, 11, 13ల లబ్ధం, 5005.

తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే 2529072, సంఖ్య కన్నా చాలా ఎక్కువ, అందుకే ఇది అబండెంట్ నంబర్ (సమానమైతే 28, 496 లాగా పరిపూర్ణ సంఖ్య అయ్యేది). 1 నుంచి 16 వరకు అన్నిటి క.సా.గు. కూడా ఇదే. 17ని కలపాలంటే ఇంకో 17తో గుణించక తప్పదు.

నాకు అన్నిటికంటే నచ్చింది రామానుజన్ 1915లో రాసిన సంగతి. తనకన్నా చిన్న సంఖ్య దేనికీ లేనన్ని కారణాంకాలున్న సంఖ్యల్ని ఆయన హైలీ కాంపోజిట్ నంబర్లు అన్నారు, 720720 వాటిలో ఒకటి, అంటే దీనికన్నా చిన్నవాటిలో 240 కారణాంకాలున్నది ఒక్కటీ లేదు. ఘాతాంకాలు 4, 2, 1, 1, 1, 1 అని ఎలా తగ్గుతూ వచ్చాయో గమనించండి. 2కి 2, 3కి 4 అని మార్చి చూస్తే కారణాంకాలు అవే 240, కానీ సంఖ్య 1621620 అయిపోతుంది. పెద్ద ఘాతం ఎప్పుడూ చిన్న ప్రధాన సంఖ్యకే ఎందుకివ్వాలో అక్కడే తెలిసిపోతుంది, "ఇన్ని కారణాంకాలున్న అతి చిన్న సంఖ్య ఏది" అన్న ప్రశ్నకి ఇక టెన్షన్ అక్కర్లేదు.

ఇది అయ్యాక 510510 మీద ఇవే ప్రశ్నలు చూడకుండా చేయండి. కారణాంకాలు 128 రావాలి, వాటిలో ఖచ్చిత వర్గం 1 తప్ప ఇంకోటి ఉండకూడదు.