మీ సమృద్ధి వారి అక్కరకు, వారి సమృద్ధి మీ అక్కరకు

కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు రెండూ డబ్బు గురించే. కానుకల ఆదివారం వచ్చిందంటే “దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును” అన్న మాట మన సంఘాల్లో తప్పకుండా వినబడుతుంది. అంతకు ముందు అధ్యాయంలోని పద్నాలుగో వచనం మాత్రం ఎందుకో అంతగా వినబడదు. “ప్రస్తుతమందు మీ సమృద్ధి వారి అక్కరకును, మరియొకప్పుడు వారి సమృద్ధి మీ యక్కరకును” సహాయం కావాలి అంటాడు పౌలు అందులో. వేరే దేశంలో ముఖం తెలియని ఓ బిడ్డకు నెలనెలా డబ్బు పంపేవాళ్లూ, పంపుదామా అని ఆలోచిస్తున్నవాళ్లూ ముందుగా చదవాల్సిన వచనం ఇదేనని నా నమ్మకం.

పౌలు పోగుచేస్తున్నది యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం. అంతకు కొన్నేళ్ల ముందే క్లౌదియ చక్రవర్తి కాలంలో కరువు వచ్చినప్పుడు అంతియొకయ శిష్యులు తలా కొంత వేసుకుని, బర్నబా, సౌలుల (ఈ పౌలే) చేతికిచ్చి యూదయకు పంపారని అపొస్తలుల కార్యములు పదకొండో అధ్యాయంలో ఉంది. ఆ తర్వాత గలతీయ, మాసిదోనియ, అకయ సంఘాలన్నిటా ఈ చందా నడిచింది. ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది అన్యజనుల్లోంచి వచ్చినవాళ్లు, పుచ్చుకునేవాళ్లు యూదులు. ఒకే బంతిలో కూర్చుని అన్నం తినడానికే ఇబ్బందిపడ్డ జనం. వాళ్లలో చాలామంది ఒకరి మొహం ఒకరు చూసి కూడా ఉండరు. సముద్రం దాటి వెళ్లే సాయం సంఘానికి మొదటి తరంలోనే అలవాటైంది.

అయినా పౌలు కొరింథువాళ్లను దాతల పీట మీద కూర్చోబెట్టలేదు. ఈసారి మీ వంతు, ఇంకోసారి వాళ్ల వంతు అన్నాడు. వెంటనే ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం, మన్నా సంగతి ఎత్తాడు. హెచ్చుగా కూర్చుకున్నవాడికి ఎక్కువ మిగల్లేదు, తక్కువగా కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు. తెల్లారేదాకా దాచుకున్నవాళ్ల మన్నాకు పురుగు పట్టిందని నిర్గమకాండం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఈ వచనం మన కాలంలోనే కళ్లెదుట జరిగిన దేశం ఒకటుంది, దక్షిణ కొరియా.

1952. కొరియాలో యుద్ధం ఇంకా నడుస్తోంది. అక్కడున్న అమెరికా సైనికులకు వాక్యం చెప్పడానికి ఎవరెట్ స్వాన్సన్ అనే సువార్తికుడు వెళ్లాడు. ఒకరోజు పొద్దున్నే పనివాళ్లు వీధిలో గుడ్డల మూటల్లాంటివి ఏరి లారీలోకి విసురుతుంటే దగ్గరికి వెళ్లి చూశాడట. రాత్రి చలికి చనిపోయిన అనాథ పిల్లల శవాలవి. ఆయన తిరిగొచ్చి ఊరూరా సంఘాల్లో ఆ సంగతి చెప్పాడు. 1954 నాటికి ఒక పద్ధతి ఏర్పడింది. ఒక కుటుంబం ఒక బిడ్డ పేరు తీసుకుంటుంది, నెలనెలా కొంత పంపుతుంది, ఆ బిడ్డకు తిండి, బట్ట, చదువు, వాక్యం అందుతాయి. 1963లో ఆ సంస్థ కంపాషన్, అంటే కనికరం, అన్న పేరు పెట్టుకుంది. మత్తయి పదిహేనో అధ్యాయంలో ప్రభువు జనాన్ని చూసి కనికరపడి, వీళ్లను పస్తుతో పంపడానికి నాకు మనసు లేదన్న మాటలోంచి తీసుకున్న పేరది. రెండేళ్లకే, 1965లో, స్వాన్సన్ కన్నుమూశాడు. బాబ్ పియర్స్ 1950లో మొదలుపెట్టిన వరల్డ్ విజన్‌కు కూడా పిల్లల స్పాన్సర్‌షిప్ మొదలైంది కొరియా అనాథలతోనే.

ఆనాడు ఆ లారీ పక్కన నిలబడ్డవాళ్లెవరికైనా “మరియొకప్పుడు వారి సమృద్ధి మీ యక్కరకు” అని చెబితే నమ్మేవాళ్లా? 1991లో వరల్డ్ విజన్ కొరియా సాయం పుచ్చుకోవడం మానేసి పంపడం మొదలుపెట్టింది. కంపాషన్ 1993లో అక్కడ తన పని ముగించింది, ఇక అవసరం లేదని. మళ్లీ 2003లో అదే దేశంలో ఆఫీసు తెరిచింది, ఈసారి ఇచ్చేవాళ్ల కోసం. ఇవాళ కొరియా విశ్వాసులు వేరే దేశాల్లో లక్షకు పైగా పిల్లలకు స్పాన్సర్లుగా ఉన్నారు. పౌలు చెప్పిన వంతు తిరిగి రావడానికి అక్కడ పట్టింది నలభై యాభై ఏళ్లే.

తెలుగువాళ్లకు మాత్రం ఇది కొత్తా? 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోతుంటే, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగ పల్లెల వాళ్లకు కూలి పని ఇచ్చాడు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆ మిషన్ నడిచింది అమెరికాలోని సంఘాల డబ్బుతో. ఆయన చేసిన ఇంకో పని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. కరువు ఉన్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం ఎవరూ మతంలోకి రాకూడదని. కరువు తగ్గి, సాయం పంచడం అయిపోయాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు నెలల తరబడి ఆయన వద్దని ఆపిన రోజులను నేను అంతకంటే గొప్పగా తలుచుకుంటాను.

ఎందుకంటే ఈ అనుమానం ఇవాళ్టికీ మన మెడ మీదే ఉంది. మన దేశంలో 1968 నుంచి పనిచేసిన కంపాషన్ 2017 మార్చిలో మూతపడింది. ముందస్తు అనుమతి లేకుండా దాని డబ్బు దేశంలోకి రాకూడదని కేంద్ర హోంశాఖ ఆంక్ష పెట్టాక జరిగిన పని. డబ్బు మతమార్పిడులకు వాడుతున్నారని ప్రభుత్వం వైపు ఆరోపణ, అలాంటిదేం లేదని సంస్థ జవాబు. దాదాపు 1,45,000 మంది పిల్లలకు స్పాన్సర్ల డబ్బూ ఆగింది, ఉత్తరాలూ ఆగాయి. విదేశీ విరాళాల మీద ఉన్న చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే చిన్నపిల్లలకు ఏం తెలుస్తుంది? ఆంటీ ఉత్తరం రాయడం మానేసింది అనే అనుకుంటారు. ఆ నిర్ణయం నాకు బాధ కలిగించింది. అయినా క్రైస్తవులమైన మనం గట్టిగా పట్టుకోవాల్సింది ఒకటుంది. అన్నం పళ్లెం పక్కన ఏ షరతూ పెట్టకూడదు. బిడ్డ ఏ ఇంట్లో పుట్టినా, రేపు ఏ దేవుణ్ని నమ్మినా, ఇవాళ్టి పాలు ఇవాళ అందాలి. పౌలు చెప్పిన సమానత్వంలో ఎరకు చోటు లేదు. వంతు ప్రకారం ఇచ్చేవాడు బేరం ఎలా ఆడతాడు?

షరతులు అన్నిసార్లూ కాగితం మీద ఉండవు. మా అమ్మ ఒంగోలు దగ్గర మిషన్ బోర్డింగులో ఉండి చదువుకుంది. ఆమె ఖర్చు పెట్టుకున్నది అమెరికాలో ఎవరో దొరసానిగారు. క్రిస్మస్ దగ్గర పడుతుంటే పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెట్టి, వార్డెన్‌గారు బోర్డు మీద ఇంగ్లీషులో ఉత్తరం రాసేవారట. పిల్లలు దాన్ని గుండ్రంగా దించుకుని, పైన ఎవరి దొరసానిగారి పేరు వాళ్లు రాసుకోవాలి. తమ దయ వల్లనే మేము జీవించుచున్నాము అనే అర్థం వచ్చే వాక్యం ప్రతి ఏడాదీ ఉండేది. “మా నల్లమేక రెండు పిల్లల్ని ఈనిందని రాయాలని నాకుండేది. బోర్డు మీద లేనిది రాస్తే తిడతారు” అని చెప్పేది అమ్మ. ఆ దొరసానిగారి మీద ఆమెకు చివరిదాకా ప్రేమే. రోజూ ప్రార్థనలో ఆమె పేరు ఉండేది. కానీ ఆ మేక సంగతి తెలిసుంటే దొరసానిగారు ఎంత సంతోషించేవారో! కృతజ్ఞత బోర్డు మీద రాసి దించుకునే సరుకైపోతే నష్టపోయేది ఇద్దరూనూ.

ఇప్పుడు మా ఇంటికి ఉత్తరాలు వస్తాయి. డాలస్ దగ్గర ఉంటాం, మా తెలుగు సంఘంలో చాలా ఇళ్లలో ఫ్రిజ్ మీద ఒక ఫొటో ఉంటుంది. కెన్యా పాపో, ఫిలిప్పీన్స్ బాబో. మా ఇంట్లో ఉన్నది ఉగాండా అబ్బాయి. నెలకు నలభై డాలర్ల పైచిలుకు. అక్కడి ఊళ్లో సంఘం నడిపే సెంటర్‌కి వెళ్తాడు. భోజనం, డాక్టరు చూడడం, బడి ఖర్చు, బైబిలు పాఠం అన్నీ ఆ సెంటర్ ద్వారానే. ఉత్తరం అతని భాషలో, అతని చేతిరాతతో ఉంటుంది. కింద ఇంగ్లీషు అనువాదం. తెల్లగా మిగిలిన చోటల్లా బొమ్మలు. ఒకసారి తన చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పంపాడు. మా పిల్లలు ఆ గీత మీద తమ చేతులు పెట్టి ఎవరిది పెద్దదో చూసుకున్నారు. క్రిస్మస్ కానుకతో పరుపు, రెండు కోళ్లు కొన్నారని ఫొటో వచ్చింది. పరుపు పక్కన వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆ ఫొటోలో నేను ఎక్కువసేపు చూసింది ఆవిడ్నే. బిడ్డను పెంచుతున్నది ఆవిడ. మేము కాదు.

మా అమ్మ సంగతి అతనికి రాశాను. మీ బామ్మ వయసున్న మా అమ్మ కూడా నీలాగే దూరదేశం నుంచి వచ్చిన డబ్బుతో చదువుకుంది అని. మేక సంగతి కూడా రాశాను. జవాబులో రెండు ప్రశ్నలు వచ్చాయి. మీ అమ్మకు వాళ్ల స్పాన్సర్ ఉత్తరాలు రాసేవారా? ఆ మేకపిల్లలు బతికాయా? ఆఖర్న, మా ఇంట్లో అందరి పేర్లూ వరసగా రాసి, రాత్రిపూట మా కోసం ప్రార్థన చేస్తున్నానని. తొమ్మిదో అధ్యాయంలో పౌలు అదే కదా చెప్పింది. పుచ్చుకున్నవాళ్లు మీ కోసం ప్రార్థిస్తారని. డబ్బు లేనివాడి సమృద్ధి మా అక్కరకు రావడానికి నలభై ఏళ్లు ఆగక్కర్లేదని ఆ రోజు అర్థమైంది. మా ఇంట్లో అప్పుడు ఉద్యోగం టెన్షన్ నడుస్తోంది. అతనికి ఆ సంగతి తెలియదు.

ఈ డబ్బు నిజంగా పిల్లలకు పనికొస్తుందా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. బ్రూస్ వైడిక్ అనే ఆర్థికశాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి కంపాషన్ పనిచేసిన ఆరు దేశాల్లో పరిశోధన చేసి 2013లో అచ్చువేశాడు. బొలీవియా, గ్వాటెమాలా, ఇండియా, కెన్యా, ఫిలిప్పీన్స్, ఉగాండా. పదివేల మందికి పైగా పెద్దవాళ్ల వివరాలు తీసుకున్నారు. చిన్నప్పుడు స్పాన్సర్ ఉన్నవాళ్లు ఒక ఏడాది నుంచి దాదాపు ఏడాదిన్నర వరకు ఎక్కువ చదివారని, హైస్కూలు చదువు పూర్తిచేసినవాళ్ల శాతం 12 నుంచి 18 పాయింట్లు పెరిగిందని తేలింది. తర్వాత జకార్తా బస్తీల్లో పిల్లల బొమ్మలు వాళ్ల చేతే వేయించి చూశారు. స్పాన్సర్ ఉన్న పిల్లల బొమ్మల్లో ఆశ, ధైర్యం ఎక్కువ కనిపించాయట. ఉత్తరాల అంచుల్లో బొమ్మలు చూసేవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

లెక్కలు అడగడం అవిశ్వాసం అనుకునేవాళ్లు ఎనిమిదో అధ్యాయం చివరిదాకా చదవాలి. అంత డబ్బు ఒక్కడే మోసుకెళ్తే ఎవరైనా తప్పు పడతారేమోనని, తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు నమ్మిన ఇంకో ఇద్దరు సహోదరుల్ని జతచేశాడు పౌలు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలన్నాడు. కాబట్టి ఏ సంస్థయినా ఏటా ఆడిట్ రిపోర్టు బయటపెడుతోందా, బిడ్డ చేతికి చేరేది ఎంత, ఆఫీసు ఖర్చు ఎంత అని చూసుకోండి. బిడ్డ ఫొటో, పేరు, ఊరు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. అది పిల్లల భద్రతకు మంచిది కాదు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట కూడా ఉంది కదా. మధ్యలో ఆపేయాల్సి వస్తే చెప్పి ఆపండి, చివరి ఉత్తరం రాసి.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక్క మాట. పిల్లల జాబితా తెరవగానే చిన్నచిన్న పాపల ఫొటోల మీదికి చెయ్యి వెళ్తుంది, అది సహజం. పది పన్నెండేళ్ల మగపిల్లలను చాలామంది దాటి వెళ్లిపోతుంటారు. ఎక్కువ కాలంగా ఎదురుచూస్తున్న పిల్లలను విడిగా చూపించే ఏర్పాటు కొన్ని సంస్థల జాబితాల్లో ఉంటుంది. అక్కడ వెతకండి. మొదటి ఉత్తరంలో మీ ఇంట్లో ఎవరెవరున్నారు, మీ ఊళ్లో ఏం పండుతుంది, మీకు చిన్నప్పుడు ఏ సబ్జెక్టు కష్టంగా ఉండేది రాయండి. వాళ్లింట్లో మేకలున్నాయేమో కూడా అడగండి.