అమోంటియాడో

గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే వేయించిన బాదం వాసన. తాగితే తీపి అన్నదే లేదు, చివర్లో కాస్త ఉప్పదనం.

స్పెయిన్‌లోని సాన్‌లుకార్‌లో ఇదాల్గో కుటుంబం వాళ్ల అమోంటియాడో ఇది, షెర్రీ అనే వైన్‌లో ఒక రకం. 1792 నుంచీ ఆ ఇంటివాళ్లే చేస్తున్నారు.

పీపా నిండా పోయరు. పైన వదిలిన ఖాళీలో వైన్ మీద ఈస్ట్ మీగడలా పొర కడుతుంది. అదున్నంత కాలం గాలి తగలదు. పొర పోయాక గాలి సోకి, ఏళ్ల తరబడి రంగు ముదిరి ఈ రుచి వస్తుంది.

అడుగు వరుస పీపాల్లోంచి కొంచెమే తీసి, ఆ వెలితిని పై వరుసలోని లేత వైన్‌తో నింపుతారు. పీపా ఎన్నడూ ఖాళీ కాదు. అంటే ఈ గుక్కలో వాళ్ల పెద్దలు పోసింది కూడా ఎంతో కొంత ఉంటుంది కదా! నాకు ఒళ్లు పులకరించింది.

దొరికితే తప్పకుండా రుచి చూడండి. మరీ ఫ్రిజ్ చలిలో వద్దు, కొద్దిగా చల్లగా ఉంటే చాలు.