పంటు మీద పసుపు బస్సు

మా అబ్బాయి కంప్యూటర్లో ఫొటోలు కత్తిరించి, అతికి తయారుచేసి పంపిన మొదటి పోస్టుకార్డు అందిన రోజున అమ్మ ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగింది: "రేవు అటు తిరిగిందేమిటే?"

కార్డు మీద సఖినేటిపల్లి రేవు ఉంది. వసిష్ఠ గోదావరి మీద నరసాపురం వైపు బయలుదేరిన పంటు, అంటే మనుషులనూ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ, ఉంది. పంటు మీద మోటారు సైకిళ్లకూ కొబ్బరికాయల బస్తాలకూ మధ్య, కాన్సస్‌లో వాడు రోజూ ఎక్కే పసుపు స్కూలు బస్సు నిలబడి ఉంది. అంత బస్సు గోదావరి మధ్యకు ఎలా వచ్చిందని అమ్మ అడగలేదు. బస్సు ముఖానికి సరిపోవాలని వాడు రేవు ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పేశాడు. అమ్మ కన్ను దాన్ని పట్టేసింది. "టీ కొట్టు కుడిచేతి వైపు కదా ఉండాలి. ఆ రేవులో నేను ఎన్నిసార్లు దాటి ఉంటాను!" అంది.

ఎనిమిదేళ్లవాడు ఆ సాయంత్రమే రేవును సరిచేశాడు. అప్పుడు బస్సు ఎదురు తిరిగింది. బస్సును తిప్పితే దాని మీది అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. కాసేపు బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుని, మర్నాడు పొద్దున పది నిమిషాలు ముందే వెళ్లి వీధి మలుపులో అటువైపు నిలబడ్డాడు, బస్సును రెండో పక్క నుంచి ఫొటో తీసుకోవడానికి. చూసింది చూసినట్టు ఉండాలన్న పట్టుదల ఒక ఊహాచిత్రం కోసం వాడికి వచ్చింది. నాకు ఈ పని మీద నమ్మకం కలిగింది ఆ రోజునే.

మేముండేది కాన్సస్ సిటీ శివార్లలో, కాన్సస్ రాష్ట్రం వైపు. రెండేళ్లకోసారి వేసవి సెలవుల్లో కోనసీమ వెళ్తాం. వెళ్లిన ప్రతిసారీ వందల ఫొటోలు వెంట వస్తాయి. గుడి ముందు పిల్లలు, వంతెన ముందు పిల్లలు, అత్తయ్య ఇంటి అరుగు మీద పిల్లలు. తిరిగొచ్చాక వాటిని తెరిచి చూసేది నేను ఒక్కదాన్నే. పిల్లలకు అవి తమ ఫొటోలే, తమ ఊరి ఫొటోలు కావు. అదే పిల్లలను ఆ ఫొటోలు కత్తిరించమని కూర్చోబెడితే మొదట చేసిన పని ఏమిటంటే, ఫొటో మధ్యలో నవ్వుతూ నిలబడ్డ తమను తాము తీసి పక్కన పెట్టి, వెనకాల ఉన్నదాన్ని చూడడం.

ఈ ఆలోచన నాది కాదు, ఈ నేలది. మా ఇంటి నుంచి గంట లోపే చేరుకునే ఒటావా అనే చిన్న ఊళ్లో విలియం మార్టిన్ అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. 1908 ప్రాంతంలో ఆయన వింత పోస్టుకార్డులు చేయడం మొదలుపెట్టాడు. గుర్రబ్బండి నిండా ఒకే ఒక్క మొక్కజొన్న కంకి. రైలు పెట్టె మీద గదంత ఉల్లిపాయ. దగ్గరి నుంచి తీసిన కూరగాయ ఫొటోను కత్తెరతో కత్తిరించి, దూరం నుంచి తీసిన పొలం ఫొటో మీద అంటించి, ఆ అతుకును మళ్లీ ఫొటో తీసేవాడు. ఈ రాష్ట్రానికి జనం వచ్చింది నేల బంగారమన్న ప్రచారం విని. వచ్చాక కరువు చూశారు, 1874లో ఆకాశాన్ని కమ్మేసిన మిడతల దండును చూశారు. అలాంటి నేల మీద బతుకుతూ, పండని పంటను బండెడు చేసి తూర్పున ఉన్న బంధువులకు కార్డు మీద పంపుకున్నారు. 1930లలో మళ్లీ మిడతలు దిగినప్పుడు గార్డెన్ సిటీలో ఫ్రాంక్ కొనార్డ్ ఏకంగా మనిషిని మించిన మిడతలనే కార్డులకెక్కించాడు. వలస వచ్చినవాళ్లు ఇంటికి రాసుకున్న ఉత్తరాల్లో ఇంత ధైర్యమైనవి ఉంటాయని నాకు అంతకు ముందు తెలియదు. మా పిల్లలకు ఆ కార్డులు చూపించాను. "మన దగ్గర కంకి బదులు ఏమిటి?" అని అడిగాను.

పన్నెండేళ్ల మా అమ్మాయి క్షణం ఆలోచించకుండా "అరటి గెల" అంది.

రావులపాలెం అరటి మార్కెట్ చూసినవారికి ఆ సైకిళ్లు గుర్తుంటాయి. రెండు పక్కలా గెలలు వేలాడదీసి, మనిషి తొక్కకుండా పక్కన నడుస్తూ తోసుకొచ్చే సైకిళ్లు. అలాంటి సైకిలు ఫొటో ఒకటి మా దగ్గరుంది. అందులో గెలలు తీసేసి, చక్రకేళి పండు ఒక్కదాన్ని సైకిలంత చేసి ఎక్కించాలని మా అమ్మాయి పథకం. మూడు వారాలు పట్టింది.

మేం వాడేది జింప్. 1995లో బర్క్‌లీ విద్యార్థులిద్దరు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పొరల మీద పొరలు పేర్చుకుంటూ పోవడమే అందులో పని అంతా. అడుగున రోడ్డు, దాని పైన సైకిలు, ఆ పైన పండు, అన్నిటికంటే పైన తోసే మనిషి చెయ్యి. పండు చెయ్యి వెనకకు వెళ్లకపోతే ఎవరూ ఏమీ మోయడం లేదని తెలిసిపోతుంది. అనవసరమైన భాగాన్ని చెరిపేయకుండా మాస్కు వేసి దాచడం నేర్పాను, ఎందుకంటే రేపు మనసు మారితే చెరిపింది తిరిగి రాదు. ఆరంగుళాల కార్డు అచ్చులో మసకబారకుండా ఉండాలంటే వెడల్పున 1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో అమ్మ పంపే ఫొటోలు నలిగి సగమై వస్తాయి కాబట్టి, డాక్యుమెంటుగా పంపడం ఆమెకూ నేర్పాం.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది నీడ. మన దగ్గర జులైలో మబ్బు పట్టిన పగలు తీసిన పండుకు నీడే ఉండదు. ఇక్కడి ఎండలో వస్తువు అంచు కత్తిలా ఉంటుంది. పండు ఆకారాన్నే నల్లగా నింపి, పడుకోబెట్టి, మసకబార్చి, పలచన చేస్తే నీడ తయారవుతుంది. అది చక్రాల నీడ పడిన వైపే పడాలి. నీడ లేని పండు ఎంత చక్కగా కత్తిరించినా గాలిలో తేలుతుంది, నేల మీద ఆనదు.

ఒక్క వాక్యం టైపు చేస్తే బొమ్మ చేసి చేతిలో పెట్టే యంత్రాలు ఇప్పుడున్నాయి. ఈ కార్డులకు వాటిని మా ఇంట్లో వాడం. పండు అంచు వెంట గీత లాగుతూ గంటసేపు కూర్చున్నప్పుడే మా అమ్మాయి పండు కొసన ఎండి నల్లబడ్డ ముక్కను చూసి, "ఇది తీసేయనా?" అని అడిగింది. అది అరటిపువ్వు ఎండిపోగా మిగిలినదని చెప్పాను. ప్రతి పండుకూ ముందు ఒక పువ్వుంటుందని ఆ పిల్లకు ఆ రోజు తెలిసింది. తీయకుండా ఉంచేసింది. ఆ గంటను నేను ఏ యంత్రానికీ ఇవ్వను.

కార్డు మీద తెలుగు రాయడం ఇంకో కథ. మావారి పాత కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్‌లో "అమ్మమ్మ" అని కొడితే వత్తులు విడిపోయి "అమ్‌మమ్‌మ" అని వచ్చింది. అది తప్పని మా అమ్మాయికి తెలియలేదు. నా గుండె కలుక్కుమంది. జింప్‌లో వత్తులు సరిగానే కూర్చుంటాయి గానీ, ఆ తర్వాత నేను అచ్చు అక్షరాలు వద్దన్నాను. తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో చేత్తో రాస్తుంది. దాన్ని ఫొటో తీసి పై పొరగా పెట్టి 'మల్టిప్లై' అనే పద్ధతిలో కింది పొరతో కలిపితే తెలుపు మాయమై అక్షరాలు మిగులుతాయి. మకారం కింద వత్తు వేయడానికి ఎంత చోటు వదలాలో చెయ్యే నేర్చుకోవాలి. కార్డు వెనక ఎడమ సగంలో నాలుగు తెలుగు వాక్యాలు పడతాయి. 1907 మార్చి దాకా అమెరికాలో చిరునామా ఉన్న వైపు ఒక్క మాట కూడా రాయనిచ్చేవారు కాదట. ఆ సగం చోటు దొరికినందుకు నేను నిజంగా సంతోషిస్తాను. మా అమ్మాయికి నాలుగు వాక్యాలే చాలా ఎక్కువ, నాకేమో నాలుగే దొరుకుతున్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కార్డు పులసది. పడమటి కాన్సస్‌లో మాన్యుమెంట్ రాక్స్ అని ఉన్నాయి. చదునైన నేల మీద 70 అడుగుల దాకా లేచి నిలబడ్డ సున్నపు గోడలు. సుమారు 8 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. ఆ అడుగున పేరుకున్న సుద్దే ఆ గోడలు. దారిలో హేస్ అనే ఊళ్లోని స్టెర్న్‌బర్గ్ మ్యూజియంలో 14 అడుగుల చేప శిలాజం ఉంది, దాని కడుపులో 6 అడుగుల ఇంకో చేప. మావాడు దాని ముందు నుంచి కదల్లేదు. ఇంటికొచ్చాక అక్కాతమ్ముళ్లు కలిసి ఆ సున్నపు గోడల మధ్య నుంచి పులసను ఈదించారు. గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. బజారులో బుట్టలో తీసిన ఫొటో కాబట్టి కన్ను మసకబారి ఉంది. కంటిలో తెల్లటి చుక్క ఒకటి పెట్టేసరికి బతికింది. ఆ కార్డు అందుకున్న అమ్మ, "పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, ఇంత చేపకు ఎన్ని పుస్తెలు కావాలిరా!" అంది. ఆ సామెతను మావాడు అడిగి మరీ మూడుసార్లు చెప్పించుకున్నాడు.

నాన్న విషయం చెప్పకుండా ఇది ముగించలేను.

నాన్న పోయి ఆరేళ్లయింది. పాస్‌పోర్టు చేయించుకున్నారు, స్వెట్టరు కొనుక్కున్నారు, రావడం పడలేదు. మావాడికి అప్పుడు రెండేళ్లు. కిందటి శరదృతువులో మా అమ్మాయి ఒక కార్డు తయారుచేసి నన్ను పిలిచింది. మా ఇంటి మెట్ల ముందు మేం నలుగురం నిలబడ్డ ఫొటో. పక్కన పంచె, లాల్చీలో నాన్న. నీడ సరైన వైపే పడింది. అంచు ఎక్కడా కనిపించలేదు. అంతవరకు అది చేసినవాటిలో అంత పనితనం ఉన్నది మరొకటి లేదు.

నేను చూడలేకపోయాను. ఇది అమ్మమ్మకు పంపవద్దన్నాను. "మరి అరటిపండు అబద్ధం కాదా? పులస అబద్ధం కాదా?" అంది, కళ్లలో నీళ్లతో. ఆ పూట నా దగ్గర జవాబు లేదు. రెండు రోజుల తర్వాత కూర్చోబెట్టి చెప్పాను. సైకిలంత అరటిపండును చూసి ఎవరూ నమ్మరు, అందుకే అందరూ ఆడుకోవచ్చు. ఇదైతే నమ్మేలా ఉంది. ఇంకో పదేళ్లకు నీ తమ్ముడికి తాతయ్య మన ఇంటికి వచ్చినట్టే గుర్తుంటుంది. అమ్మమ్మ ఆ మెట్ల మీద జరగని రోజును వెతుక్కుంటుంది. ఆయన రాలేదు. ఆ లోటు కూడా మనదే, దాన్ని నేను పూడ్చనివ్వను.

అది ఏమీ అనలేదు. వారం పాటు కంప్యూటర్ తెరవలేదు. నేను కఠినంగా ఉన్నానేమోనని రాత్రిళ్లు అనుకున్నాను. అయినా మాట మార్చుకోలేదు.

నవంబరులో ఒక ఆదివారం మళ్లీ పిలిచింది. అంతర్వేదిలో, ఒడ్డున బోర్లించిన నావ మీద నాన్న కూర్చున్న పాత ఫొటో ఒకటుంది. నావను తీసేసింది. దాని స్థానంలో పెద్ద మిడత. కాన్సస్ గోధుమ చేల మీదుగా, ఏనుగంత మిడత మీద కూర్చుని, పంచె మోకాళ్ల దాకా సర్దుకుని నాన్న ఎగురుతున్నారు. చేతులు నావ అంచును పట్టుకున్నట్టే మిడత రెక్కను పట్టుకున్నాయి. ఎడమ సగంలో, "అమ్మమ్మా, ఇది ఆట. తాతయ్యకు పైనుంచి అంతా కనిపిస్తోంది" అని రాసింది.

గుండ్రటి గ్లోబల్ స్టాంపు అంటించి నేనే డబ్బాలో వేశాను. మూడు వారాలకు అందింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవరాలిని పిలవమంది.

"నవంబరులో తీసిన పొలం అన్నావు కదా తల్లీ. అక్కడ చలి కదూ? తాతయ్య భుజం మీద కండువా కూడా లేదేమిటి?"

ఆ రాత్రి ఇద్దరం నా పెళ్లి ఆల్బం తీశాం. అందులో నాన్న పచ్చ అంచు కండువాతో ఉన్నారు. ఆ పేజీని స్కాన్ చేశాం. పాత ప్రింటు పసుపుబారిపోయింది, దాన్ని ఇవాళ్టి ఆకాశం రంగుకు తేవడానికే గంట పట్టింది. మా అమ్మాయి తెరను బాగా పెద్దది చేసి, కుచ్చుల దారాలను ఒక్కొక్కటిగా కత్తిరించుకుంటూ వచ్చింది. పదకొండు గంటల వేళ తలెత్తి, "అమ్మా, ఇవి ఎటు ఎగరాలి?" అని అడిగింది.

గోధుమ ఎటు వంగిందో చూడమన్నాను.