అరవై నెలల లెక్క

2025 మార్చిలో అమ్మకు గుండెనొప్పి వస్తే తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. స్టెంటు వేశారు. మూడో రోజు ఉదయం పదింటికి డిశ్చార్జి అన్నారు. సాయంత్రం ఆరింటికి బీమా కౌంటర్‌లోని అబ్బాయి పిలిచి, “క్యాష్‌లెస్ కుదరదంటున్నారు సార్, మీరే కట్టాలి” అన్నాడు. బిల్లు రూ. 1,92,400. డిశ్చార్జి సమయంలో మూడు గంటల్లోగా బీమా సంస్థ తేల్చి చెప్పాలని 2024లోనే నిబంధన వచ్చింది. ఆ రోజు నాకది తెలియదు. బావ అప్పటికప్పుడు డబ్బు సర్దాడు.

కారణం రాతపూర్వకంగా ఇమ్మని పట్టుబట్టాను. ‘బీపీ ఉన్న సంగతి పాలసీ తీసుకునేటప్పుడు దాచారు’ అని వచ్చింది. కేస్ షీటు తిప్పి చూస్తే విషయం అర్థమైంది. అర్ధరాత్రి చేర్చుకున్న కుర్ర డాక్టరు అడిగితే అమ్మ, “పదేళ్ల కిందట ఒకసారి బీపీ ఉందన్నారు, నెల రోజులు మాత్రలు వేసుకున్నాను” అంది. ఆయన నీలం సిరాతో ‘బీపీ – పదేళ్లుగా’ అని రాసుకున్నాడు. ఆ ఒక్క ముక్క మీద క్లెయిమ్ పోయింది.

“నేను నోరు మూసుకుని ఉండాల్సింది నాయనా” అంది అమ్మ. నాకు డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ బాధ కలిగించింది. డాక్టరుకు నిజం చెప్పినందుకు ఒక మనిషి కుమిలిపోవాలా?

మా ఏజెంటు పెదవి విరిచాడు. “ఎనిమిదేళ్లు నిండితేనే వాళ్లు పాత జబ్బుల జోలికి రారు. మీ పాలసీ 2018 నవంబరుది కదా, ఇంకా నిండలేదు” అన్నాడు. రెండు రోజులు అదే నిజమనుకున్నాను. తర్వాత, కిందటి నవంబరులో రెన్యువల్ చేసినప్పుడు వచ్చిన పత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. మారటోరియం అన్న చోట, అంటే ఏజెంటు చెప్పిన ఆ గడువు దగ్గర, అరవై నెలలని ఉంది. ఎనిమిదేళ్ల గడువును 2024 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐదేళ్లకు తగ్గించింది. పాలసీ ఆగకుండా అన్ని నెలలు నడిస్తే, మోసం చేశారని నిరూపిస్తే తప్ప, ఏదో చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. వేళ్ల మీద లెక్కపెట్టాను. డెబ్భై ఆరు నెలలు. ఫైలు అట్ట మీద పెద్దగా ‘76’ అని రాసుకున్నాను.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాస్తే పాత సమాధానమే తిరిగొచ్చింది. దాంతో బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు పంపాను. మన రాష్ట్రం ఆ కార్యాలయం కిందికే వస్తుంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి, అంతే. విచారణకు ముందే కంపెనీవాళ్లు ఫోన్ చేసి చెల్లిస్తామన్నారు. గది అద్దె పరిమితి దాటినందుకు కొంత కోత పోను రూ. 1,61,000 జమ అయింది. కోత విషయం పాలసీలో ఉన్నదే కాబట్టి ఒప్పుకున్నాను.

ఇంతలో సెప్టెంబరు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవలో రూ. 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన రూ. 25 లక్షల వరకు ట్రస్టు భరించే విధానానికి రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇక మా వీధిలో రోజుకో మాట. పాత కార్డులు చెల్లవని ఒకరు, పెద్దవాళ్లందరికీ కేంద్రమే రూ. 5 లక్షలు ఇస్తోందని ఇంకొకరు. ఆయుష్మాన్ భారత్‌లో ఆదాయంతో పని లేకుండా ఇచ్చేది డెబ్భై నిండినవాళ్లకు. అమ్మకు అరవై ఆరే.

“అన్నీ ఉచితమవుతుంటే ప్రీమియం దండగ, ఈసారి ఆపెయ్” అన్నాడు బావ. నా కోసం అప్పు చేసిన మనిషి, ఆయన మాట తీసిపారేయలేను. పక్కన కూర్చోబెట్టి ఫైలు చూపించాను. గడువు దాటనిస్తే పాలసీతోపాటు కూడబెట్టిన నెలలన్నీ పోతాయి, మళ్లీ ఒకటి నుంచి మొదలు. పైగా సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా ఎత్తేశారు.

నవంబరు మొదటి వారంలో కట్టేశాను. రసీదు ఫైల్లో పెట్టి, అట్ట మీద 76 కొట్టేసి 84 అని రాశాను.