గోడ దాటే బేస్

రాత్రిపూట పాట వినడానికి నేను పెద్ద మైదానాల కంటే పేటలోని చిన్న హాలునే ఎంచుకుంటాను. అక్కడ ముందు నిలబడితే గిటారు తీగ మీద జారే వేళ్ల చప్పుడు కూడా వినిపిస్తుంది. ఖాళీ హాలులో సరిచూసుకున్న ధ్వని జనం నిండాక మారిపోతుంది, ఎందుకంటే మనుషుల ఒళ్లూ బట్టలూ పైస్థాయి స్వరాలను పీల్చుకుంటాయి.

పొరుగువారి నిద్ర చెడగొట్టేది ముఖ్యంగా బేస్, అంటే మంద్రస్థాయి శబ్దమే. దాన్ని ఆపడానికి బరువైన గోడలు గానీ, నడుమ ఖాళీ వదిలిన జంట గోడలు గానీ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, వినేవారి చెవులు దెబ్బతినకుండా ఇలాంటి హాళ్ల లోపల 15 నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెళ్లు మించకూడదు.

పాత వేదిక పక్కన కొత్తగా ఇళ్లు కట్టేవారే శబ్దనివారణ బాధ్యత వహించాలనే సూత్రాన్ని ఇంగ్లండ్ 2018లో తన ప్రణాళికా విధానంలో చేర్చింది. అది ప్రతి నగరానికీ రావాలని మనసారా కోరుకుంటున్నాను.